జీజీటీ పెరిగిన నెల

నేను తాగలేదని ఒట్టేసి చెప్పినా ఇంట్లో నమ్మని రోజులవి. నా భార్య షరతు పెట్టి గుత్తిలో పుట్టింటికి వెళ్లిపోయింది. "నీ మాట నాకొద్దు. రక్త పరీక్షలో ఆ జీజీటీ మూడు నెలలు వరుసగా తగ్గల్ల. అప్పుడొస్తా" అంది. కోపం వచ్చింది కానీ, ఆమెను తప్పుపట్టే ముఖం నాకు లేదు.

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టడం నా పని. అనంతపురం ఆసుపత్రిలో తాగుడు మానిపించాక, డాక్టరమ్మ నా రిపోర్టులో జీజీటీ అనే కాలేయ ఎంజైమ్ కింద గీత గీసింది. తాగేవాళ్ల రక్తంలో అది పెరుగుతుందట, మానేస్తే వారాల తరబడి మెల్లగా దిగుతుందట. అరవై లోపు ఉండాల్సింది నాకు నాలుగు వందలు దాటింది. బడిలో ఎన్నడూ రాని మార్కులు కాలేయానికి వచ్చాయి.

మొదటి నెల సగానికి పడింది. రిపోర్టు ఫొటో పంపితే, తిన్నావా అని మాత్రం అడిగింది నా భార్య. ఆ పూట సంగటి ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాను. రెండో నెలా తగ్గింది. మూడో నెల పెరిగింది.

ల్యాబ్‌లో గొడవపడ్డాను, మిషన్ చెడిపోయిందన్నాను. సంగతి తెలిసి నా భార్య నేరుగా ఆసుపత్రికే వచ్చింది, నా వైపు చూడలేదు. డాక్టరమ్మ మాత్రం, ఇది వేరే కారణాలతోనూ పెరగొచ్చంటూ, ఏమేం తింటున్నానో, తాగుతున్నానో ఓపిగ్గా అడిగింది. సంగటి, పప్పు, మజ్జిగ, బలానికి అమ్మ ఇచ్చే ఆయుర్వేద అరిష్టం అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

మా వైపు బాలింతకైనా, జ్వరం పడి లేచినవాడికైనా అరిష్టం పట్టిస్తారు. దాన్ని మందుగా తప్ప సారాయిగా ఎవరూ అనుకోరు. అది పులియబెట్టి చేసేదని, అందులోనూ ఆల్కహాల్ ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఎంత తాగుతున్నావని అడిగింది.

రెండు మూతలని చెప్తే సరిపోయేది. తెలియక అమ్మ చేసిన పొరపాటుగా పోయేది. నా భార్య ముఖం అప్పటికే మెత్తబడింది. అది చూస్తుంటే నాకు సిగ్గేసింది.

"మూతలతోనే మొదలైంది మేడం. ఇప్పుడు గలాసుతో తాగుతాండా. అమ్మకు తెలీకుండా ఇంకో రెండు సీసాలు తెచ్చుకుంటి. కిక్కు ఉండాదని తెలిసే తాగితి."

డాక్టరమ్మ తిట్టలేదు. ఈ రోజే ఆపేస్తే మళ్లీ దిగుతుందని, నా కాలేయానికి ఇంకా కోలుకునే సత్తా ఉందని చెప్పి పంపింది.

ఇద్దరం బస్టాండుకు నడిచాం. గుత్తి బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. ఇక ఇంతే అనుకున్నాను.

"తప్పించుకునే దావ ఉండి కూడా నువ్వు నిజం చెప్పింది ఈ పొద్దే" అంది నా భార్య.

గుత్తి బస్సు కదిలిపోయింది. ఆమె రాయదుర్గం బస్సు యాడ ఆగుతుందని కండక్టర్‌ను అడుగుతోంది.