బాపు జీపు, రెండు చాయ్‌లు

బాపు పోయాక ఆయన పాత జీపును మొదటిసారి ఈ రోజు బయటికి తీశాను. కొంపల్లి నుంచి ఎక్కడా ఆగకుండా వెళ్తే, అలియాబాద్ దగ్గర బానెట్‌లోంచి ఆవిరి ఎగసింది. మెకానిక్ ఖాదర్ భాయ్ వచ్చి, ఇంజన్ చల్లారాక మళ్లీ స్టార్ట్ చేసి, రేడియేటర్ మీద అక్కడక్కడా చెయ్యి ఆనించి చూశాడు.

"ఇటు కాలుతాంది, అటు సల్లగుంది. ఏండ్ల సంది జామైంది. మీ బాపు గింత దూరం ఎట్ల నడిపిండు?"

ఇదే దారిలో మేడ్చల్‌లో ఒక చాయ్, శామీర్‌పేటలో ఒక చాయ్ తాగుతూ నడిపాడు. ప్రతిసారీ నన్నూ దిగమనేవాడు. నేను సీట్లోంచే హారన్ కొట్టేవాణ్ణి. ఆ చాయ్‌లు ఇంజన్ చల్లారడానికని ఒక్కసారీ చెప్పలేదు.

ఇప్పుడు రేడియేటర్ మార్పించాలా, నేనూ చాయ్ అలవాటు చేసుకోవాలా? మీరే చెప్పండి.