సగంలో ఆగే పాటలు

నా చిన్నప్పుడు, అంటే తొంభైల చివర్లో, బాన్సువాడలో మా వంటగదికీ కిరాయి గదికీ మధ్య ఒకే గోడ ఉండేది. ఒక వానాకాలం ఆ గదిలోకి నర్సక్క దిగింది. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చి, ఊళ్లో ఒక చిన్న దవాఖానలో నర్సు పనికి కుదిరింది. ఒంటరి మనిషి. సామానంటే ఒక ట్రంకు పెట్టె, ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక టేప్‌రికార్డరు, అంతే. అమ్మానాన్నలు పొద్దంతా పొలంలో ఉండేవారు కనుక ఇంటి పెత్తనం మా అవ్వది. అవ్వకు అనుమానం వచ్చిందంటే నాకూ వచ్చినట్టే.

అనుమానం పాటలతోనే మొదలైంది. నర్సక్క దగ్గర ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్టు. అందులో అన్నీ ఒక పాత సినిమా పాటలే. పడవలో పోతూ పాడుకునేది ఒకటి, పెళ్లికూతుర్ని ఆటపట్టించేది ఒకటి, అలిగి కూర్చున్న మొగుణ్ణి బుజ్జగించేది ఒకటి. అవ్వ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ సినిమాను డేరా టాకీసులో మూడుసార్లు చూసిందట. పాటలన్నీ ఆమెకు నోటికి వచ్చు. మొదటి రోజు గోడకు చెవి ఆనించి మురిసిపోయింది. రెండో రోజుకు మొహం చిట్లించింది. ఎందుకంటే నర్సక్క పాటను సాగనిచ్చేది కాదు. ఒక ముక్క వినిపించేది, టక్కున ఆగేది. టేపు కిర్రుమంటూ వెనక్కి తిరిగేది. మళ్లీ అదే ముక్క, మళ్లీ టక్కు.

“పాట మీద పానమున్నోళ్లు గిట్ల ముక్కలు జేస్తరా?” అంది అవ్వ. “గీమెకు పాటతోని పని లేదు. ఇంకేందో ఉన్నది.”

ఆ ‘ఇంకేందో’ ఏమిటని ఇద్దరం వెతకడం మొదలుపెట్టాం. ఎవరికైనా సైగేమోనని, టేపు మోగే వేళకు నేను గడప మీద కూర్చుని వీధిలో ఎవరు పోతున్నారో చూసేదాన్ని. బర్రెలు తోలుకొచ్చే ముసలాయన తప్ప ఎవరూ కనిపించలేదు. దాంతో అనుమానం తగ్గాల్సింది పోయి పెరిగింది. ఇంత జాగ్రత్తపడుతోందంటే గట్టిదే అనుకున్నాం.

ఆమె మాట కూడా మాకు తేడాగానే ఉండేది. ఎదురుపడితే తల వంచుకుని పోయేది. ఎప్పుడైనా నోరు తెరిస్తే మా ఊళ్లో ఎవరూ మాట్లాడని మాటలు వచ్చేవి. ఒకసారి అవ్వకు జలుబు చేస్తే “కుశలమా?” అని అడిగింది. అవ్వ లోపలికి వచ్చి, ఈమె నాటకాల మనిషిలా ఉందనీ, ఎక్కడ ఎవరిని మోసం చేసి వచ్చిందోననీ చాలాసేపు గొణిగింది.

ఒక సాయంత్రం కిటికీ సందులోంచి చూశాను. టేపు ఆగినప్పుడల్లా నర్సక్క ఒక నోట్‌బుక్కులో గబగబా ఏదో రాసుకుంటోంది. పోయి అవ్వతో చెప్పాను. మరునాడే అవ్వ ఆమెను పిలిచి, చుట్టాలు వస్తున్నారనీ, ఆదివారానికి గది ఖాళీ చేయాలనీ చెప్పేసింది. నర్సక్క ఎందుకని అడగలేదు. తల ఊపి లోపలికి వెళ్లిపోయింది. అలా అడగకపోవడం కూడా మాకు తప్పు చేసినవాళ్ల గుణంలాగే తోచింది. ఒంటరి ఆడమనిషికి ఇంకో గది దొరకడం ఎంత కష్టమో నాకు తెలియదు. అవ్వకు తెలుసు. తెలిసే పంపిస్తోంది కనుక, ఏదో ఒక రుజువు దొరికితే బాగుండునని ఆమె మనసు కొట్టుకుంది.

మాకు నల్లా మధ్యాహ్నం వచ్చేది. డ్యూటీకి పోతూ నర్సక్క తాళంచెవి మా చేతికే ఇచ్చేది, బిందెలు నింపి పెట్టమని. శనివారం ఆ తాళంచెవితోనే తలుపు తీశాను. బిందెలు పెట్టి, దిండు కింద ఉన్న నోట్‌బుక్కు తీసుకుని వచ్చాను. అవ్వ పుంటికూర ఆకు తెంపుతోంది. వద్దనలేదు. చదువు, అంది.

అక్షరాలు చూస్తే హిందీవి. ఏడో తరగతి కదా, కూడబలుక్కుని చదవసాగాను. హిందీ మాటలేవీ తగల్లేదు. నేను చదువుతున్నదేమిటో నాకే అర్థం కావడం లేదు. నాలుగైదు మాటలయ్యాక, తల ఎత్తకుండానే అవ్వ తర్వాతి మాటలు సన్నగా అనేసింది. నోట్‌బుక్కులో చూస్తే అవే ఉన్నాయి. ఆమె చేతిలో కాడ అలాగే ఆగిపోయింది.

అక్షరాలు వాళ్లవి, మాటలు మావి. అన్నీ ఆ సినిమా పాటలే. ఒక్కో మాట కింద మరాఠీలో అర్థం రాసుకుంది. తెలియని చోట ప్రశ్న గుర్తు పెట్టుకుంది. చివరి పేజీల్లో పాటలు లేవు. “నొప్పి ఎక్కడ?” అని ఒకటి, “అన్నం తిన్నంక ఒక్కటే గోలీ” అని ఒకటి, పది పదిహేనుసార్లు రాసి ఉన్నాయి.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. గది వెతుక్కుందామని ఒక పూట సెలవు పెట్టి వచ్చిందట నర్సక్క. నా ఒళ్లో తన నోట్‌బుక్కును చూసింది. నేను దాన్ని మూయనూ లేదు, ఇవ్వనూ లేదు. ఆమె కాళ్లు కడుక్కుని వచ్చి, మా మధ్య నేల మీద కూర్చుంది. వచ్చీరాని మాటల్లో నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తను చెప్పింది అర్థంకాక ఒక ముసలమ్మ రోజంతటి గోలీలూ ఒక్కసారే మింగేసిందట. ప్రాణం మీదికి రాలేదు కానీ, దసరా లోపు మాట నేర్చుకోకపోతే పని మానుకోమని డాక్టరు అన్నాడట. కొత్త పాటల్లో మాట దొరకదు, పాత పాటల్లో అయితే ఒక్కో మాటా విడిగా వినిపిస్తుందని ఆ క్యాసెట్టు కొనుక్కుందట.

తర్వాత నా ఒళ్లోంచి నోట్‌బుక్కు తీసుకుని, ప్రశ్న గుర్తున్న మాట ఒకటి అవ్వకు చూపించింది. “అలక అనగా కోపమా?”

అవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. “కోపం కాదు బిడ్డా,” అంది. “కోపమొస్తె ఎడంగ పోతం. అలిగితె ఎటూ పోం. ఎవలన్న వచ్చి అడుగుతరేమో అని అక్కడ్నే కూసుంటం.”

నర్సక్క అది రాసుకుంది. ఇగ యాడికీ పోవద్దని అవ్వ చెప్పింది, చుట్టాల మాట అబద్ధమని కూడా చెప్పేసింది. నర్సక్క లేచి వెళ్తూ నా దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. ఆ సినిమా తెలుగులోనే, “నీవు అడిగిన నేనే చూపెదను కదా” అంది. ఆ మాటకు ఆ రోజు ఎవరమూ నవ్వలేదు. మరునాడు డ్యూటీకి పోతూ, ఎప్పటిలాగే తాళంచెవి తెచ్చి నా చేతిలోనే పెట్టింది.

తర్వాత రెండేళ్లు ఆమె మా ఇంట్లోనే ఉంది. వెళ్లేనాటికి అవ్వ కంటే గట్టిగా మా యాస మాట్లాడేది.

ఇప్పుడు నాకు కాలేజీకి పోయే కూతురుంది. నేను గదిలోకి వెళ్లగానే ఫోను బోర్లా పెడుతుంది. నాకు అనుమానం రాదని చెప్పను, అది అవ్వ రక్తం. తను స్నానానికి పోయినప్పుడు చెయ్యి ఆ ఫోను దాకా వెళ్తుంది కూడా. అక్కడ ఆగి, బయటికి వచ్చి కూర్చుంటాను. తను వచ్చాక అడుగుతాను. ఒక్కోసారి చెబుతుంది, ఒక్కోసారి చెప్పదు. చెప్పని రోజున తెలియకుండానే ఉండిపోతాను.