అక్క మూడో కాన్పు

మా నాయన హిందూపురం బెల్లం మండీలో దళారి. రైతులు బండ్లమీద తెచ్చిన దిమ్మెల్లోంచి చిటికెడు గిల్లి నోట్లో వేసుకుని, పాకం ముదిరిందో లేదో చెప్పి ధర కట్టేవాడు. చిన్నప్పుడు సంకటి తిని మడక దున్నిన మనిషి. మండీకి వచ్చాక ఆ తిండీ పోయింది, ఆ నడకా పోయింది. పొద్దున దిండుకు ఆనుకుని కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికే లేవడం. మూడు పూటలా వరి అన్నం తింటున్నామంటే బాగుపడ్డామని మేమే కాదు, మా వీధంతా అనుకునేది.

మేమిద్దరం ఆడపిల్లలం. అక్కను ధర్మవరంలో పట్టు మగ్గాలున్న ఇంటికి ఇచ్చారు. పందొమ్మిదివందల యాభైలు ముగుస్తున్న రోజులవి. అక్క నెల తప్పిందని కబురు రాగానే నాయన మండీకి వచ్చిన సరుకంతా చూసి, మేలైన బెల్లం ఏరి, గంపకు గోనె కుట్టించి రైల్లో పంపాడు. ఆ తర్వాత ధర్మవరం పోయే మనిషి కనిపిస్తే చాలు, చేతికొక గంప ఇచ్చేవాడు. అక్క కూడా ఇష్టంగా తినేది.

తొలిసారి అక్క కడుపు చూసి అందరూ కవలలన్నారు. చెంబులు చెంబులు నీళ్లు తాగుతుంటే, వట్టి మనిషి కాదు గదా, దప్పిక కాకుండా ఎట్లా ఉంటుందన్నారు. తీరా నొప్పులు వచ్చాక బిడ్డ తల బయటికి వచ్చి భుజాలు ఇరుక్కుపోయాయి. మంత్రసాని ఎంత పాటుపడినా ఆ మగబిడ్డ ఏడవలేదు. దిష్టి తగిలిందన్నారు.

రెండోసారి నొప్పుల దాకా కూడా రాలేదు. తొమ్మిదో నెలలో ఒకరోజు అక్క మగ్గం పక్కన కూర్చుని, "అత్తా, పొద్దున్నించీ బిడ్డ కదల్లేదు" అందట. కబురందుకుని అమ్మ పోయింది, ఆ మగబిడ్డా ప్రాణం లేకుండానే పుట్టాడు. ఆమె అత్త చెడ్డ మనిషి కాదు. గుడులకు తిరిగింది, ముడుపులు కట్టింది, కోడలి దండచేతికి తాయెత్తు కట్టించింది. అంతకుమించి ఏం చెయ్యాలో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

ఆ ఏడాదే నాయన చిక్కిపోవడం మొదలైంది. ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. పెరట్లో ఆయన ఒంటికి పోసిన చోట చీమలు పట్టేవి. అమ్మ చూసి, నీళ్లు చల్లి ఊరుకునేది. చెప్పు వారు ఒరుసుకుని కాలివేళ్ల మధ్య పుండైంది. పసుపు పెట్టినా ఆకు పసర్లు పోసినా మానలేదు. అమ్మ పుట్టినూరు పెనుకొండ. అక్కడొక డాక్టరమ్మ ఓపిగ్గా చూస్తుందని విని నాయనను తీసుకుపోయింది. నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో నాయన మూత్రం చుక్కలు కలిపి, దీపం మీద కాచింది. చూస్తుండగానే నీలం పోయి ఇటుక రంగు వచ్చింది.

"మీకు చక్కెర జబ్బు" అంది.

నాయన నవ్వాడు. "నేను బెల్లం దళారిని తల్లీ. చక్కెర ముట్టిందే లేదు."

ఆమె నవ్వలేదు. ఆయన తల్లిదండ్రుల గురించి అడిగింది. మా అవ్వ కూడా కాలిపుండుతోనే పోయిందని నాయన చెప్పాడు. తర్వాత పిల్లల గురించి అడిగింది.

"ఇద్దరు ఆడబిడ్డలు" అంది అమ్మ. "పెద్దదాన్ని ధర్మవరంలో ఇచ్చినాము."

"ఆమెకు పిల్లలా?"

"రెండు కాన్పులూ పాయ తల్లీ."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "బిడ్డలు మామూలుకంటే పెద్దగా ఉన్నారా?"

"మూడు నెల్ల బిడ్డల మాదిరి ఉండిరి."

"కడుపుతో ఉన్నప్పుడు దాహం ఎక్కువగా ఉండేదా?"

అమ్మ నాయన ముఖంలోకి చూసింది. "చెంబులు చెంబులు తాగుతాండె" అంది.

అక్కను పిలిపించారు. ఆమె గొట్టంలోనూ అదే రంగు వచ్చింది. డాక్టరమ్మ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఈ జబ్బు వంశంలో ఉంటే బిడ్డలకు రావచ్చు; తప్పకుండా వస్తుందనీ లేదు. తిండి తగ్గించుకుని, ఒళ్లు వంచి పనిచేసి, అప్పుడప్పుడూ పరీక్ష చేయించుకుంటే కొందరికి రాకుండానే పోవచ్చు, వచ్చినా ముందే తెలుస్తుంది. కడుపుతో ఉన్న తల్లికి రక్తంలో చక్కెర ఎక్కువైతే బిడ్డ అతిగా పెరుగుతుంది, లోపలే పోవచ్చు. "ఇందులో దిష్టి లేదు, ఎవరి పాపమూ లేదు" అంది.

తిరుగు ప్రయాణంలో స్టేషన్ బల్ల మీద కూర్చుని నాయన చాలాసేపు పట్టాలకేసి చూశాడు.

"అయితే ఇది నా దగ్గర్నించే పాయ బిడ్డకు" అన్నాడు.

"నువ్వేమన్నా తెలిసి ఇస్తివా?" అంది అమ్మ.

"గంపలు గంపలు పంపితినే. ఏరి ఏరి పంపితినే."

బెల్లం ఒక్కటే కారణం కాదని డాక్టరమ్మ చెప్పిన మాట అమ్మ మళ్లీ మళ్లీ గుర్తుచేసింది. ఆయన చెవికెక్కలేదు. రైలొచ్చినా లేవలేదు, ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని ఎక్కించాం.

ఆ రోజునుంచి మా ఇంట్లో అందరికీ ఒకటే వంట. రాగిసంకటి, ఆకుకూర, మజ్జిగ. జబ్బు లేనివాళ్లకు వేరే వండే పని లేదంది అమ్మ. నన్ను పొద్దున్నే నీళ్లు మోయమని వీధి బావికి తరిమేది. "నీకు రాకూడదు మే" అనేది, అంతే. నాయన మండీలో బెల్లం నాలుక మీద పెట్టుకుని ఉమ్మేయసాగాడు. రైతులు నొచ్చుకున్నారు. "ఏమప్పా, నా బెల్లం అంత చెడ్డగుండాదా?" అని ఒకాయన ముఖంమీదే అడిగాడు. కొన్నాళ్లకు నాయన మండీకి పోవడమే మానుకున్నాడు.

మూడోసారి అక్క నెల తప్పగానే ఆమెను పెనుకొండలో ఆసుపత్రి దగ్గరే ఒక గదిలో ఉంచాం. తోడు నేను. చక్కెర తగ్గించే సూది మందు సీసాను చల్లగా ఉండేందుకు తడిగుడ్డ చుట్టి కొత్తకుండలో పెట్టేదాన్ని. గాజు సిరంజి ఉడకబెట్టి అక్కకు పొడవడం, గొట్టం కాచి రంగు చూడడం డాక్టరమ్మ నాకు నేర్పింది. హిందూపురం వెళ్లినప్పుడల్లా నాయన మంచం మీదనుంచే అడిగేవాడు.

"పాపా, ఏం రంగొస్తాండాది?"

"నీలమే నాయనా."

చక్కెర కనిపించి ఆకుపచ్చగా తిరిగిన రోజులూ ఉండేవి. అయినా ఆయనకు నీలమనే చెప్పమంది అమ్మ.

నాయన కాలివేళ్లు నల్లబడ్డాయి. బెంగుళూరు తీసుకుపోతే మోకాలి దాకా తీసేశారు. ఆ గాయం కూడా మానలేదు. అక్కకు ఏడో నెల నడుస్తుండగా నాయన పోయాడు. కడుపుతో ఉన్న మనిషికి చెప్పొద్దని పెద్దవాళ్లు అన్నారు. నేను కర్మలకు కూడా ఆగకుండా పెనుకొండ తిరిగి వచ్చి, ముఖం కడుక్కుని అక్క గదిలోకి వెళ్లాను. అమ్మ మాత్రం రాలేకపోయింది. ఆమె నుదురు చూస్తే చాలు, అక్కకు తెలిసిపోతుంది. మొగుణ్ణి పోగొట్టుకున్న దుఃఖంలో ఆమె బిడ్డ దగ్గరికి రాలేదు, బిడ్డ ఆమె దగ్గరికి పోలేదు.

"అమ్మ ఎందుకు రాలేదు?" అని అక్క రోజూ అడిగేది. నాయనకు తోడుండాలి గదా అనేదాన్ని. ఒకరోజు పొద్దున నేను సూదిలోకి మందు తీస్తుంటే అక్క నావైపు చూడకుండానే అంది.

"నాయన పోయినాడు కదా?"

నా చెయ్యి ఆగిపోయింది. అక్క కళ్లు మూసుకుంది. కాసేపటికి రవిక చెయ్యి పైకి లాక్కుని, "పొడుచు పాపా, యాళ మించిపోతాండాది" అంది. నేను పొడిచాను. తర్వాత ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. మర్నాడే అమ్మకు కబురు పెట్టాం. అమ్మ వచ్చి గడప దగ్గర ఆగిపోతే, అక్కే ఆ బరువుతో లేచి పోయి లోపలికి తీసుకువచ్చింది.

నెలలు నిండేదాకా ఆగకూడదని డాక్టరమ్మ ముందే ఆపరేషన్ చేసింది. ఆడబిడ్డ. ఏడ్చింది. ధర్మవరంనుంచి వచ్చిన అక్క అత్త ఆ ఏడుపు విని వరండాలోనే కూలబడి, "వదినా, బతికిందే" అని అమ్మ చేతులు పట్టుకుంది.

అక్కకు ఆ జబ్బు పోలేదు. ఇక పిల్లలు వద్దన్నారు. నాకు పెళ్లయి నెల తప్పినప్పుడు అమ్మ చేసిన మొదటి పని నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోవడం. నాకు రాలేదు. బంధువుల్లో ఎవరి బిడ్డ కడుపుతో ఉన్నా అమ్మ పోయి పరీక్ష చేయించమని చెప్పేది. కొందరు విన్నారు. శుభమా అని కడుపుతో ఉంటే జబ్బు మాటలేమిటని కొందరు తలుపు వేశారు.

ఆసుపత్రిలో ఆ ఆడబిడ్డ పుట్టిన మూడో రోజు సాయంత్రం అది పాలు తాగుతుండగా అక్క అమ్మను అడిగింది. మొదటి ఇద్దరినీ ఆమెకు ఎవరూ చూపించలేదు. గుడ్డలో చుట్టి తీసుకుపోయారు.

"వాళ్లెట్లుండిరి మా?"

అమ్మ మంచం అంచున కూర్చుంది.

"పెద్దోనికి జుట్టు నిండుగా ఉండె. చెవులు మీ నాయనవే. రెండోవాడు నీ మాదిరి. నిద్రపోతాన్నట్టే ఉండె."

అక్క తల ఊపింది. ఇంకా చెప్పమంది. అమ్మకు గుర్తున్నదంతా చెబుతూనే ఉంది.