ఆకు రాలని మొక్క

"హాలీ అంటరన్నా దీన్ని. ఏడాదంతా పచ్చగనే ఉంటది, ఆకు రాలదు" అంటూ అశోక్‌నగర్ నర్సరీలో అమ్మేవాడు కుండీ చేతికిచ్చాడు. ఆకు అంచు ముల్లు వేలికి గుచ్చుకుంది. అది నాకు తెలిసిన నొప్పే.

నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ ఆస్పత్రిలో ఉంటే, నన్ను చిక్కడపల్లిలో అమ్మమ్మ దగ్గర ఉంచారు. అమ్మ ఎప్పుడొస్తుందని రోజూ అడిగేవాణ్ణి.

"ఆకులు రాలే దినాలల్ల వస్తది బిడ్డా" అనేది అమ్మమ్మ.

ఆ ఇంట్లో ఉన్న మొక్క ఒక్కటే, డాబా మీద కుండీలో ఇలాంటి గుబురు పొద. బడి నుంచి రాగానే వెళ్ళి దాని ముందు కూర్చునేవాణ్ణి. ఎండలు ముదిరినా ఒక్క ఆకూ రాలలేదు. బడి దారిలో వేపచెట్లు ఆకు రాల్చి మళ్ళీ చిగురించినా, నేను వాటిని చూడనేలేదు.

ఒక సాయంత్రం నేనే తెంపడం మొదలుపెట్టాను. వేళ్ళకు నెత్తురొచ్చింది. అమ్మమ్మ ఆస్పత్రి నుంచి వచ్చి నేరుగా డాబా ఎక్కింది.

"ఏం చేస్తున్నవ్‌రా?"

"అమ్మ రావాలంటే ఇవి రాలాలె గద."

అమ్మమ్మ తిట్టలేదు. నా పక్కన కూర్చుని తనూ తెంపసాగింది.

అమ్మ ఇక రాదని మా ఇద్దరిలో ఆమెకొక్కతికే తెలుసు. అయినా ఆ కొమ్మలకు ఒక్క ఆకునూ మిగల్చలేదు.