మారిసోల్ మెట్ల పాట

1995 నవంబరులో మా కంపెనీ నన్ను దోహాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక హోటల్‌కు పన్నెండు రోజుల డ్యూటీ మీద పంపింది. కాగితం మీద నా హోదా ఎలక్ట్రీషియన్, రెండో గ్రేడు. పని మాత్రం వేరు. అమెరికా నుంచి వస్తున్న సంగీత నాటక బృందం హోటల్ పెద్ద హాల్లో రోజూ సాయంత్రం ప్రదర్శన ఇస్తుంది. దానికి ఫాలో స్పాట్ నడిపే మనిషి కావాలి. తెనాలిలో ఎనిమిదేళ్లు నాటకాల స్టేజీలకు లైట్లు కట్టానని నేను బయోడేటాలో రాసుకున్నాను. ఊరి ఇండస్ట్రియల్ ఏరియాలోని మా కార్మికుల క్యాంపు మొత్తంలో అలాంటి మాట రాసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఫాలో స్పాట్ అంటే స్టాండు మీద నిలబెట్టిన పెద్ద దీపం. పాత్రధారి ఎటు కదిలితే అటు దాన్ని చేత్తో తిప్పాలి. పక్కనున్న ఐరిస్ పిడితో వెలుగు వలయాన్ని చిన్నదీ పెద్దదీ చేయాలి. ఎప్పుడు ఏది చేయాలో ఆపరేటరు నిర్ణయించడు. స్టేజి మేనేజరు హెడ్‌సెట్‌లో ముందు ‘స్టాండ్‌బై’ అంటుంది, తర్వాత ‘గో’ అంటుంది. ఆ ‘గో’యే క్యూ. క్యూ రాకుండా చేయడం ఎంత తప్పో, వచ్చాక చేయకపోవడమూ అంతే తప్పు.

నాతోపాటు నిజామాబాద్ జిల్లా ఎల్లయ్యను పంపారు. నాకంటే పదేళ్లు పెద్ద. కేబుళ్లు లాగడం, దీపం వేడెక్కకుండా చూడటం అతని పని. ఇంటి నుంచి అతనికొచ్చే ఉత్తరాల్లో ‘దుబాయిల ఎట్లున్నవ్’ అనే ఉండేది. ఇది ఖతర్ అని చెప్పడం ఎప్పుడో మానేశానని నవ్వేవాడు.

బృందంలో ప్రధాన పాత్ర మారిసోల్‌ది. అప్పటికి ఆవిడకు యాభై ఆరేళ్లు. ప్యూర్టో రికోలో పుట్టి న్యూయార్క్‌లో పెరిగింది. మొదటి రిహార్సల్‌లో నా వెలుగు రెండుసార్లు ఆవిడను దాటిపోయింది. ఆవిడ పాట ఆపి, హాలు వెనక ఉన్న మా వేదిక దాకా నడిచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రమని గ్రహించి నెమ్మదిగా మాట్లాడింది. కాళ్లు చూడవద్దంది. తిరగబోయే ముందు తన ఎడమ భుజం కదులుతుందనీ, దాన్ని చూడమనీ చెప్పి, నాలుగుసార్లు తిరిగి చూపించింది. ఆ తర్వాత వెలుగు తప్పలేదు.

రిహార్సల్‌కూ ప్రదర్శనకూ మధ్య హోటల్ వెనక తలుపు దగ్గర ముగ్గురం టీ తాగేవాళ్లం. ఆవిడ పదిహేడో ఏట గుంపు నాట్యంలో వెనక వరసలో చేరిందట. ఇరవై ఏళ్లపాటు పనిమనిషి వేషాలు, కోపిష్టి ప్రియురాలి వేషాలు తప్ప మరేమీ ఇవ్వలేదట. ఇంగ్లీషులో స్పానిష్ యాస పోతే పెద్ద వేషం ఇస్తామన్నారట. కష్టపడి పోగొట్టుకుని వెళితే, ఆ యాస ఉన్న పాత్రకే మనిషి కావాలన్నారట. నలభయ్యో ఏట మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆవిడను డాన్స్ కెప్టెన్‌ను చేశారు. అంటే బృందంలో అందరి అడుగులూ గుర్తుపెట్టుకుని కొత్తవాళ్లకు నేర్పే మనిషి. అలా అన్ని వేషాలూ ఆవిడ నేర్చేసుకుంది. ఎవరికి జబ్బు చేసినా ఆవిడే వేసేది. చివరికి ప్రధాన పాత్ర దక్కింది.

ఏడో ప్రదర్శనలో ఆ సంగతి జరిగింది. మూడో పాటకు ఆవిడ ఏడు మెట్లు దిగుతూ రావాలి. మొదటి రెండు చరణాలకు వెలుగు నడుము దాకానే. తర్వాత క్యూ మీద ఐరిస్ తెరవాలి, ఆవిడ కిందికి దిగి నాట్యం చేయాలి.

“తమ్మీ, ఆమె రెయిలింగ్ పట్టుకుంది సూడు. రోజు పట్టుకోదు గదా” అన్నాడు ఎల్లయ్య.

నేనూ చూశాను. ఎడమ భుజం ఒక పక్కకు వాలిపోయింది. హెడ్‌సెట్‌లో ‘గో’ వినబడింది. నేను ఐరిస్ తెరవలేదు. మరో రెండుసార్లు చెప్పింది స్టేజి మేనేజరు. చెయ్యి కదపలేదు. మారిసోల్ నాలుగో మెట్టు మీదే నిలబడి, చేతులతోనే అభినయిస్తూ పాట ముగించింది. చప్పట్లు మోగాయి. మంచి పని చేశావని ఎల్లయ్య నా వీపు తట్టాడు. నాకూ అలాగే అనిపించింది.

మర్నాడు పొద్దున స్టేజి మేనేజరు పిలిపించింది. హోటల్ చీఫ్ ఇంజనీరు కూడా కూర్చుని ఉన్నాడు. క్యూ వినబడలేదా అని అడిగారు. వినబడిందన్నాను. నా ఫైలులో మెమో పెట్టారు. అప్పుడు మారిసోల్ కుంటుకుంటూ వచ్చింది, మోకాలికి ఐసు సంచి కట్టుకుని. ఎందుకలా చేశావని అడిగింది. మీ కాలు జనానికి కనబడకూడదనే చేశానన్నాను.

“నేను మెట్టు మీద కూర్చుని పాడదామనుకున్నాను” అంది. “కూర్చుంటే నీ వెలుగులోంచి కిందికి పోతాను. అందుకే ఆ కాలి మీదే పాట అయ్యేదాకా నిలబడ్డాను.”

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. 

డాక్టరు వాపు ఉందన్నాడని, మిగిలిన ఐదు ప్రదర్శనలకూ ఆవిడ బదులు మరొకరిని దింపి ఇంటికి పంపేద్దామని స్టేజి మేనేజరు ఆలోచన. మారిసోల్ ఒప్పుకోలేదు. హాలు మూడు గంటలు ఇమ్మని, దీపం దగ్గర నన్నే ఉంచమని అడిగింది. తన భుజం చూడటం ఇతనికి తెలుసంది. కాసేపు వాదించుకున్నాక స్టేజి మేనేజరు సరేనంది.

మధ్యాహ్నమంతా ఆ పాటను మళ్లీ కట్టాం. మారిసోల్ మూడో మెట్టు మీద కూర్చుంటుంది. ఇద్దరు కుర్ర నర్తకులు ఆవిడ చుట్టూ నాట్యం చేస్తారు. ప్రతి చోటా వలయం ఎంత వెడల్పు కావాలని నేను ఆవిడను అడిగాను. అలా అడగడం అదే మొదటిసారి. ఆవిడ చెప్పింది, స్టేజి మేనేజరు క్యూ షీటులో రాసుకుంది. ఆ సాయంత్రం ఆవిడ కూర్చుని, కట్టు ఉన్న కాలును వెలుగులోకే చాపి పాడింది. నేను ఒక్క క్యూ కూడా తప్పలేదు. ఐదు ప్రదర్శనలూ ఆవిడే చేసింది.

మెమో ఫైలులోనే ఉండిపోయింది. రెండేళ్లకు మారిసోల్ నా పేర రాసిన కార్డు ఒకటి హోటల్ చిరునామాకు వచ్చి, అక్కణ్ణుంచి మా క్యాంపుకు చేరింది. ఇప్పుడు అమ్మమ్మ వేషమట, వేషానికి కుర్చీ ఇచ్చారట, అయినా సగం పాట నిలబడే పాడుతున్నదట.

తర్వాత నేను దోహాలో చాలా ఏళ్లు స్టేజి లైట్లే చేశాను. కొత్త ఆపరేటర్లకు చెప్పింది ఇంతే: పాత్రధారికి ఏం కావాలో ముందే అడగాలి. క్యూ తప్పనిపిస్తే హెడ్‌సెట్‌లో చెప్పాలి. దేనికీ వ్యవధి లేకపోతే వెలుగును వెడల్పుగా ఉంచాలి, లోపలున్న మనిషికి కదలడానికి చోటుంటుంది.