చప్పుడు చెయ్యని మనిషి

చూపు లేనివాళ్ళు ఆడే ఆట తయారుచేయాలనగానే నాకు మొదట తట్టింది దెయ్యాల కొంప. తెర మీద బొమ్మ ఉండదు, అంతా చెవులతోనే ఆడాలి, భయపెట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. నాచారంలో పైపులమ్మే దుకాణం మీద రెండు గదులు మా ఆఫీసు. అక్కడ కూర్చుని కిర్రుమనే తలుపులు, కూలే పెంకులు, నక్క ఊళలు పోగేశాను. ఆడేవాళ్ళు ఒక పాత ఇంట్లో పోయిన తాళంచెవి వెతకాలి. కథ అంతే.

ఆడి చూసి తప్పులు చెప్పడానికి ఒకమ్మాయి ఒప్పుకుంది. చిన్నప్పుడే చూపు పోయింది. ఏదో కంపెనీకి ఇంటి నుంచే ఫోన్లు మాట్లాడే ఉద్యోగం. ఉప్పల్లో ఒక మేడ మీద రేకుల గదిలో ఒక్కతే ఉండేది. నా కొంపంతా తిరిగొచ్చి, ఇయర్‌ఫోన్లు తీసి, తీరిగ్గా ఆవలించింది.

"అక్కా, కిర్రుమనే తలుపంటే నాకేం భయం? మంచి తలుపది. ఎవరో వచ్చిన్రని చెప్తది. చెప్పకుండ వచ్చి నిలబడేటోళ్ళు ఉంటరు చూడు, గాళ్ళతోనే భయం."

"చప్పుడే చెయ్యనివాణ్ణి చప్పుళ్ళ ఆటలో ఎలా పెట్టనమ్మా?" అన్నాను. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

"ఊపిరి మాత్రం పెట్టకు. చూడనీకి వచ్చినోళ్ళు ఊపిరి బిగబడతరు. కిటికీ పెట్టు. మనిషి అడ్డమొస్తే కిటికీ సప్పుడు తగ్గుతది."

ఆమె గదిలోనే రికార్డు చేశాం. ఆమె కూర్చునే కుర్చీలో రికార్డర్ పెట్టి, దానికీ కిటికీకీ మధ్య నేను చెప్పుల్లేకుండా నడిచాను. ఆ రోజు వాళ్ళన్న కూడా వచ్చాడు. నేనెవరో, ఏం పనో, ఎక్కడుంటానో అన్నీ అడిగి తెలుసుకుని గాని వెళ్ళలేదు. చెల్లెలి మీద ప్రాణం పెట్టుకున్న మనిషని చూడగానే తెలిసింది. ఆఫీసుకొచ్చి రికార్డు విన్నాను. ఉల్లిగడ్డల బండి మైకు, బైకుల హారన్లు, కింద నీళ్ళ మోటారు. ఉన్నట్టుండి వాటన్నిటి మీదా ఎవరో దుప్పటి కప్పినట్టయింది. కాసేపటికి మళ్ళీ మామూలైపోయింది. అక్కడ నడిచింది నేనేనని తెలిసి కూడా కుర్చీలోంచి వెనక్కి తిరిగి చూశాను.

దాన్ని ఆటలోకి ఎక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆడి చూసినవాళ్ళలో ఒకరి ఇయర్‌ఫోన్‌లో కుడి పక్క సరిగ్గా పలకదు. ఇంకొకరికి ఆ మనిషి వచ్చే సమయానికే ఫోన్ తెర మీద ఉన్నదేదో పైకి చదివి పెట్టి అంతా పాడుచేస్తుంది. ఒక చెవే వినపడే పెద్దాయన ఒకాయన, "నాకు వాడు ఎప్పుడూ గదిలో ఉన్నట్టే ఉందమ్మా" అన్నాడు. దానికి ఏం చేయాలో నాకు తోచలేదు. అయినా పట్టు వదలకుండా సరిచేస్తూ పోయాను. చివరికి బాగా కుదిరింది.

అప్పుడు ఆమె ఫోన్ చేసింది. ఆ మనిషిని తీసెయ్యమంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పెట్టమన్నది నువ్వే కదా!"

"ఆడు నా గదిలకు వచ్చిండక్కా."

ఎండలకు రేకుల గది ఉడికిపోతుందని పగలు తలుపు తీసి, తెర వేసుకుని ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కిటికీ చప్పుడు తగ్గుతోందట. ఎవరని అడిగితే పలుకు లేదు. కొంచెంసేపటికి కిటికీ మళ్ళీ మామూలవుతుంది. ఏ వస్తువూ పోలేదు. నా ఆట ఈ పిల్ల బుర్రలో దూరిందిరా భగవంతుడా అనుకున్నాను.

"మీ అన్నయ్యకు చెప్పు."

"చెప్తే సామాన్లు సర్దుమంటడు."

తల్లీతండ్రీ పోయాక అంబర్‌పేట్‌లో ఆ అన్నే పెంచాడు. ఆమె ఎంతో పోట్లాడి ఈ గది తీసుకుంది. ఒక్క పొరపాటు జరిగినా తిరిగి ఇంటికి రావాలని ఆయన ముందే మాట తీసుకున్నాడు.

"పోనీ, తలుపేసుకో."

"తలుపేసుకొని కూసోనీకైతే ఆడనే ఉందును గద అక్కా. ఈ గది పోతే నాకింక గది లేదు."

మధ్యాహ్నం ఆన్ చేసి పెట్టుకోమని నా రికార్డర్ ఆమె దగ్గర వదిలి వచ్చాను. తర్వాత తెచ్చుకుని విన్నాను. ఆమె అన్నం కలుపుకుంటోంది, ఏదో కూనిరాగం తీస్తోంది, ఊడిరాని పచ్చడి సీసా మూతను తిడుతోంది. అదే సమయంలో కిటికీ చప్పుడు మెల్లగా అణిగింది. అణిగి, అలాగే ఉండిపోయింది. ఊపిరి లేదు, అడుగు లేదు. ఆమె మూతతో కుస్తీ పట్టినంతసేపూ ఎవరో అక్కడ నిలబడే ఉన్నారు. ఇన్నాళ్ళూ నా చేతులతో చేసిన చప్పుడది, నాకు తెలియదా. ఇది మాత్రం నేను చేసింది కాదు. వెంటనే ఆమెకు ఫోన్ చేసి చెప్పాను.

మర్నాడు ఆమె అడిగితేనే వెళ్ళి వంటగట్టు పక్క మూలలో కూర్చున్నాను. ఫోన్‌లో పోలీసుల నంబరు నొక్కి పెట్టుకున్నాను. బయట పట్టపగలు, ఎండ మండిపోతోంది. ఆమె పళ్ళెం ముందు కూర్చుంది.

తెర పక్కకు జరిగింది. ఒక మనిషి ఒట్టి కాళ్ళతో లోపలికొచ్చి, కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో టిఫిన్ సంచి. వాళ్ళన్న.

చెల్లెలు ముద్ద కలుపుతుంటే చూస్తున్నాడు. ఎంత ప్రేమగా చూస్తున్నాడంటే పోలీసుల సంగతే మర్చిపోయాను. దొంగైతే అరిచేదాన్ని. అప్పుడు ఆయన తల తిప్పి నన్ను చూశాడు. కంగారేమీ పడలేదు. కొంచెం నవ్వి, నోటి మీద వేలు పెట్టుకున్నాడు. మనం చూపున్నవాళ్ళం, మనలో మనకేంటి అన్నట్టు.

ఆమె చెయ్యి పళ్ళెంలో ఆగింది. "ఎవరు?"

ఆయన నాకేసి చూస్తూ, వద్దని తలూపాడు.

"మీ అన్నయ్య" అన్నాను.

కింద మోటారు ఆడుతోంది.

"నువ్వు యాడ పడిపోతవోనని ఫికరమ్మా" అన్నాడాయన. "పిలిస్తే బాగనే ఉన్ననంటవు. గందుకే సప్పుడు జెయ్యలే."

"పడ్డనా?"

"లే."

"ఇంట్ల గూడ గిట్లనే నిలబడేటోనివా?"

ఆయన అవునని తలూపాడు. ఊపి, ఆ సంగతి ఆమెకు చెప్పమన్నట్టు నాకేసి చూశాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "నోటితో చెప్పండి" అన్నాను.

"అవునమ్మా. చిన్నప్పటి సంది."

"బట్టలు మార్సుకుంటున్నప్పుడు గూడనా?"

"ఛ, గదేం మాట? తల తిప్పుకునేటోన్ని."

ఆయన అబద్ధమాడటం లేదు, నిజంగానే నొచ్చుకున్నాడు. అందుకే నాకు మరింత భయమేసింది. ఆమె కూర్చున్నచోటే కొంగు మెడ చుట్టూ బిగించుకుంది.

"ఈ గది నేను ఇడువ. నువ్వు పో అన్నా."

ఆయన టిఫిన్ సంచి గట్టు మీద పెట్టాడు. ఒక ఇల్లు కూల్చినదాన్ని చూసినట్టు నన్ను చూశాడు. వచ్చినట్టే అడుగు వినపడకుండా బయటికి నడిచాడు. పాపం, అదొక్కటే ఆయనకు తెలిసిన నడక.

"పోయిండా అక్కా?"

"పోయాడు."

"నిజంగ?"

"నిజంగా పోయాడమ్మా."

ఆమె లేచింది. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే రెండు చేతులూ చాచి, తలుపు వారనుంచి మొదలుపెట్టి గోడ వెంట తడుముకుంటూ ఒక్కో మూలా చూసుకుంది. నేను నా మూలలోనే కదలకుండా, ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. చివరి మూలలో ఆమె చెయ్యి నా భుజానికి తగిలింది. కెవ్వున అరిచింది.