లినక్స్ సంఘం మొదటి సమావేశానికి నేను వెళ్లలేకపోయిన కథ

మూడు ఊళ్ల వాళ్లను ఒక్క చోట కూర్చోబెట్టబోయి మూడు చోట్ల నిలబెట్టిన ఘనుణ్ణి నేను. ఎలా చేశానో మీరు అడగకపోయినా చెబుతాను.

అప్పట్లో సూర్యాపేటలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడిపేవాణ్ణి. విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ పిచ్చి కొత్తగా పట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, లోపలేముందో విప్పి చూసుకోవచ్చు, పక్కవాడికి కాపీ ఇవ్వొచ్చు. ఇంత పని ఊరికే చేసిపెట్టే మహానుభావులెవరా అన్న కుతూహలంతో వాట్సాప్‌లో గ్రూపు పెట్టాను. కోదాడ నుంచి ప్రసాదరావు గారనే రిటైరైన లెక్చరర్, మిర్యాలగూడ నుంచి రైస్ మిల్లులో కంప్యూటర్ చూసుకునే సైదులు తమ తమ మిత్రులతో చేరారు. గంటలకొద్దీ ఫోన్లో మాట్లాడానే తప్ప ఇద్దరినీ ఎన్నడూ చూడలేదు. ఎలా ఉంటారో చూడాలని ఒకటే ఆత్రం.

దానికి తోడు మా వీధి చివరి ప్రభుత్వ బడి టీచర్ ఎస్తేరు మేడం ఒకరోజు దుకాణానికి వచ్చారు.

"తమ్మీ, మా బడిల కంప్యూటర్లు ముసలివైనయ్. సోమవారం పాత సామాన్ల కింద అమ్మేస్తరట. మీ లినక్స్‌తోని లేస్తయా?"

"లేస్తయ్ మేడం. ఆదివారం మావోళ్లందరిని పిలుస్త."

ముందు ప్రసాదరావు గారికి ఫోన్ చేశాను. "మిర్యాలగూడలో పెట్టండి. మా అమ్మాయి అక్కడే ఉంది, చూసినట్టూ ఉంటుంది" అన్నారు. పెద్దాయన మాట కాదనలేక "సరే సార్" అన్నాను. తర్వాత సైదులు. "అన్నా, కోదాడల పెడుదం. గాడ బిర్యానీ మంచిగుంటది." కుర్రాడి ఉత్సాహం చల్లార్చడమెందుకని "సరే" అన్నాను. నా మనసులో ఉన్నది మాత్రం సూర్యాపేట. వీలు చూసి ఇద్దరికీ నచ్చజెబుదామనుకున్నాను. మరిచాను. మరిచానన్న సంగతి కూడా మరిచాను. శనివారం గ్రూపులో గంభీరంగా రాశాను: "రేపు పది గంటలకు, మనం అనుకున్న చోటనే."

ఒక్కరూ మారు ప్రశ్న వేయలేదు. ఎంత క్రమశిక్షణ గల సంఘం అని మురిసిపోయాను.

ఆదివారం బడి గేటు దగ్గర నేనూ మేడమూ ఎదురుచూస్తున్నాం. పదిన్నరకు ప్రసాదరావు గారికి ఫోన్ చేశాను.

"యాడిదాక వచ్చిండ్రు సార్?"

"వచ్చేసి అరగంటైందండీ. మీరే కనిపించడం లేదు."

"గేటు దగ్గరనే ఉన్న సార్."

"నేనూ గేటు దగ్గరే ఉన్నానండీ. ఒకసారి చెయ్యెత్తండి."

ఎత్తాను. రోడ్డున పోయే ఆటో వచ్చి ఆగింది.

"ఇక్కడ చెయ్యెత్తినాయన నెత్తిన మూట ఉందండీ. ఇంతకీ మీరున్నది మిర్యాలగూడ బస్టాండేనా?"

నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆయన ఫోన్ పెట్టీ పెట్టగానే సైదులు. "అన్నా, కోదాడల దిగినం. మీరు యాడ?"

"ఏమైంది తమ్మీ?" అన్నారు మేడం.

"కోదాడోళ్లు మిర్యాలగూడల ఉన్నరు మేడం. మిర్యాలగూడోళ్లు కోదాడల ఉన్నరు."

మేడం గేటు మీద చెయ్యి ఆనించారు. "మనమన్న మనూర్లెనే ఉన్నం. సంతోషం."

అక్కడితో ఆగే మనిషిని కాను. కంగారులో ప్రసాదరావు గారికి ఫోన్ చేసి, "సైదులోళ్లు మీ ఊర్లనే ఉన్నరు సార్, వెనక్కి పోండ్రి" అన్నాను. వెంటనే సైదులుకు చేసి, "సారోళ్లు మీ ఊర్లనే ఉన్నరు, వాపస్ పో" అన్నాను. అబద్ధం ఒక్కటీ లేదు.

"ఇద్దరినీ కదలమన్నవా?" అని మేడం చాలా నెమ్మదిగా అడిగారు.

మళ్లీ ఫోన్లు చేస్తే రెండూ కలవలేదు. సంఘం పుట్టకముందే పోయిందనుకున్నాను. మేడం లోపలికి వెళ్లి కంప్యూటర్ల మీద దుమ్ము తుడుస్తూ కూర్చున్నారు. నేనూ ఇంకో గుడ్డ తీసుకుని పక్కన కూర్చున్నాను.

మధ్యాహ్నం సైదులు ఫోన్. వెనక ఒకటే నవ్వులు.

"అన్నా, నడుమ దారిల హుజూర్‌నగర్ బస్టాండ్ల ఉన్నం. చాయ్‌కని దిగితే, ఎదురు బస్సుల నుంచి ఒక పెద్దమనిషి దిగిండు. సంకల ల్యాప్‌టాప్, దాని మీద లినక్స్ పెంగ్విన్ బొమ్మ. 'మీరేనా సార్' అన్న. 'నేనే బాబూ' అన్నడు. హోటల్ల సమావేశం నడుస్తున్నది. హోటలాయన మీది ఏ పార్టీ అని అడుగుతున్నడు. పైస తీసుకోకుండ సాఫ్ట్‌వేర్ పంచుతమంటే నమ్ముతలేడు."

"నేను రావాల్నా?"

"నువ్వు కదలకు అన్నా. మేమే వస్తం."

సాయంత్రం అందరూ బడికి వచ్చారు. ఫోన్లో సన్నగా వినిపించే సైదులు నిలువెత్తు పహిల్వాన్. గంభీరమైన గొంతు గల ప్రసాదరావు గారు నా భుజం దాకా వచ్చారు. పొద్దుగూకేలోపు మూలపడ్డ కంప్యూటర్లు ఒక్కొక్కటీ లేచాయి. చివరిది కూడా వెలిగాక మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

అప్పుడు ప్రసాదరావు గారు గొంతు సవరించుకున్నారు. "హుజూర్‌నగర్‌లో రెండు తీర్మానాలు చేశామండీ. సంఘం పెట్టినందుకు మీకు అభినందనలు, అది మొదటిది. ఇకమీదట సమావేశం ఎక్కడో మీరు చెప్పరాదు, అది రెండోది."

"మరి నేనేం చెయ్యాలె సార్?"

"మేమెక్కడున్నామో కనుక్కుని వస్తే చాలండీ."

"అందరూ ఒప్పుకున్నరా?"

"నా ఓటు కూడ ఏసుకోండ్రి" అన్నారు మేడం.

నాటి నుంచి నేటి దాకా ఆ తీర్మానాన్ని శిరసావహిస్తున్నాను. ఇక ముందు కూడా, నా పెళ్లికే అయినా సరే, ఎవరినీ ఎక్కడికీ రమ్మని చెప్పనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. పిల్ల తరఫు వాళ్లకు సైదులు చెబుతాడు.